వేగము - వివేకము

టర్బో యంత్రము గల కారులు నేడు మన పట్టణములందును సామాన్యములైనవి. ఇంజనునుండి వెడలు పొగ యొక చక్రమును త్రిప్పును. అది గాలిని నొక్కి యింజనులోనికి బంపును. గాలితో పెట్రోలును, పెట్రోలుతో బలమును హెచ్చును. కంపెనీవారు నిర్ణయించిన యా యొత్తిడిని కంప్యూటరు లెక్కలు మార్చి పెంచి, 402 మీటర్ల పందెమున నొకటి రెండు సెకండ్లు తగ్గింపవలెనని కొందఱు యువకుల యభిలాష.

యంత్రవిద్యయందలి యీ యుత్సాహమును మేము నిందింపము. కాని కర్నూలు, కడప జిల్లాల వేసవి వేఱు. వేడిగాలి పలుచనిది, అది యింధనమును వేళకు ముందే మండించి పిస్టనులను పగులగొట్టగలదు. గాలిని చల్లార్చు సాధనమును, బ్రేకులను, టైర్లను బలపఱుపక యొత్తిడిని మాత్రమే పెంచుట కొఱవితో తల గోకికొనుటయే.

చట్టమును స్పష్టమే. 1988 నాటి మోటారు వాహనముల చట్టపు 52వ సెక్షను అనుమతిలేని మార్పులను నిషేధించుచున్నది. ప్రభుత్వానుమతి లేక బహిరంగస్థలమున పందెమాడిన, 2019 నాటి సవరణమును బట్టి, మొదటి తప్పునకే 3 మాసములవఱకు ఖైదో, 5,000 రూపాయలవఱకు జరిమానాయో, రెండునో విధింపవచ్చును.

అయినను దండన యొక్కటే చాలదు. మదరాసు చెంత ఇరుంగాట్టుకోట్టైలో పందెములకై ప్రత్యేకమైన బాట కలదు. అట్టిదానిని మన సీమలోను గల్పింపుమని ప్రభుత్వమును గోరుట న్యాయము. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరుల మీదుగా బోవు రహదారి మాత్రము రైతునకును, గొఱ్ఱెలకాపరికిని, బడిపిల్లలకును జెందినది. యువకులారా! దానిని వారికి విడువుడు.