పొరుగువారు నిలబెట్టిన మందిరం

పిల్లలూ! మీ పక్కింటివాళ్ళు ఎప్పుడైనా ఇల్లు ఖాళీచేసి దూరదేశం వెళ్ళిపోయారా? పోయేముందు వాళ్ళు మీ అమ్మ దగ్గిరికి వచ్చి, "ఇల్లు కాస్త చూస్తూ ఉండండి, వదినగారూ!" అని చెప్పి ఉంటారు. నాలుగు రోజులపాటు మీరు ఆ గుమ్మంకేసి చూస్తారు. తరవాత అలవాటైపోతుంది. రెండు వానాకాలాలు గడిచేసరికి ఆ ఇంటి కప్పుమీద గడ్డి మొలుస్తుంది.

ఈ నెల మనం వెళ్ళబోయే చోట ఇలా ఖాళీ అయినది ఇల్లు కాదు, ఒక ప్రార్థనా మందిరం. దానికి ఏమి జరిగిందో చూసివద్దాం, రండి.

ఆ ఊరి పేరు చేందమంగలం. కేరళ రాష్ట్రంలో, ఎర్ణాకుళానికి ఉత్తరంగా, పరవూరు పట్టణం పక్కన ఉన్నది. చేనేత పంచెలకు పేరుపడిన ఊరు. అక్కడ ఒక చిన్న గుట్ట ఉన్నది. ఆ గుట్ట చుట్టుపట్ల, కాలినడకన తిరిగి చూడగలిగినంత దగ్గిరలో ఒక దేవాలయం, ఒక చర్చి, ఒక మసీదు, ఒక యూదుల మందిరం ఉన్నవి. యూదుల మందిరాన్ని సినగాగ్ అంటారు. గుడి శంఖం, చర్చి గంట, మసీదు నుంచి పిలుపు, యూదులు పండుగనాడు ఊదే పొట్టేలుకొమ్ము బూర—ఈ నాలుగూ వినిపించే చోటు మన దేశంలో ఎన్ని ఉంటవి, చెప్పండి?

యూదుల దేశం పశ్చిమాన సముద్రాల కవతల ఉన్నది గదా, వాళ్ళు మలయాళదేశం ఎలా వచ్చారు? మిరియాలకోసం వచ్చారు. చేందమంగలానికి దగ్గిరలోనే, పెరియార్ నది సముద్రంలో కలిసేచోట, రెండువేల ఏళ్ళనాడు ముజిరిస్ అనే గొప్ప రేవు ఉండేది. వేసవి చివర నైరుతిగాలి పుట్టగానే అరబ్బుతీరం నుంచి ఓడలు తెరచాపలెత్తి ఇటు వచ్చేవి. గాలి తిరిగి ఈశాన్యం నుంచి వీచేదాకా ఇక్కడే ఆగి, మిరియాలు నింపుకొని వెళ్ళేవి. ఇలా వచ్చిన వర్తకులలో కొందరు ఇక్కడే ఉండిపోయారు.

వాళ్ళను ఇక్కడివారు ఎలా చూశారనేదానికి గట్టి సాక్ష్యం ఉన్నది. క్రీ.శ. 1000 ప్రాంతంలో భాస్కర రవివర్మ అనే చేరరాజు జోసెఫ్ రబ్బాన్ అనే యూదునికి రాగిరేకులమీద ఒక శాసనం రాయించి ఇచ్చాడు. పల్లకీ ఎక్కవచ్చు, గొడుగు పట్టించుకోవచ్చు, పగటిపూట దివిటీ వెలిగించుకోవచ్చు, బాకాలూ డోళ్ళూ మోగించుకోవచ్చునని అందులో ఉన్నది. ఆ రోజుల్లో ఇవన్నీ పెద్దలకు మాత్రమే చెల్లే మర్యాదలు. పరదేశం నుంచి వచ్చినవాణ్ణి రాజు పెద్దలలో ఒకడిగా లెక్కించాడన్నమాట!

ఇప్పుడు మందిరానికి పోదాం. ఆవరణలో మొదట మనకు కనిపించేది ఒక సమాధిరాయి. దానిమీద ఉన్నవి హీబ్రూ అక్షరాలు. అవి ఉర్దూలాగే కుడినుంచి ఎడమకు సాగుతవి. ఆ రాయి 1269వ సంవత్సరానిది. ఇశ్రాయేలు కుమార్తె సారా అనే ఆమె సమాధిమీద ఉండినది. మనదేశంలో దొరికిన హీబ్రూ రాతలలో ఇంత పాతది మరొకటి లేదంటారు. ఆ సారా ఎవరో, ఏ వయసులో పోయిందో తెలియదు. కాని ఏడువందల యాభై ఏళ్ళుగా ఆమె పేరు ఆ రాతిమీద నిలిచి ఉన్నది.

లోపలికి అడుగుపెట్టే ముందు చెప్పులు బయట విడుద్దాం. కేరళ యూదులు కూడా మనలాగే వట్టి కాళ్ళతో మందిరంలోకి వెళ్ళేవారు. ఇతర దేశాల యూదులలో చాలామందికి ఈ అలవాటు లేదు. పొరుగువారిని చూసి వీరు నేర్చుకున్నారంటారు.

పడమటి గోడకేసి చూడండి. చెక్కిన కొయ్యతో, ఎర్రరంగూ బంగారురంగూ పూసిన పెద్ద బీరువావంటిది ఉన్నది. యూదుల పవిత్రగ్రంథం తోరాను అందులో ఉంచేవారు. ఆ గ్రంథం మన పుస్తకాలలాగా కుట్టింది కాదు. తోలుమీద చేత్తో రాసి, చాపచుట్టలా చుట్టిపెడతారు. బీరువా పడమటి గోడకే ఎందుకున్నది? యూదులు జెరూసలేం నగరంవైపు తిరిగి ప్రార్థన చేస్తారు. మనకు జెరూసలేం పడమర గదా!

మందిరం నడుమ కటకటాలతో ఒక వేదిక ఉన్నది. ప్రార్థన చదివేవాడు అందులో నిలబడేవాడు. పైకి చూస్తే మేడమీద ఇంకొక వేదిక! ఇటువంటి రెండో వేదిక కేరళ మందిరాలలోనే ఉంటుంది. పండుగలలో తోరాను అక్కడినుంచి చదివేవారు. దాని వెనక కొయ్య జాలీచాటున ఆడవాళ్ళు కూచునేవారు. ఇంటికప్పుకు రంగురంగుల తామరపూలు చెక్కి ఉన్నవి. ఇటువంటి పూలు కేరళ దేవాలయాలలో కూడా కనిపిస్తవి. కొబ్బరినూనె దీపాలు ఇక్కడా వెలిగేవి.

అంతా బాగానే ఉన్నది. కాని ప్రార్థన చేసేవారేరీ?

1948లో ఇజ్రాయెల్ దేశం ఏర్పడింది. తమ పూర్వులు ఎన్నో తరాలుగా ఏ జెరూసలేంవైపు తిరిగి ప్రార్థించారో అక్కడికి పోవడానికి వీలు కలిగింది. కేరళలో అప్పుడున్న యూదులు రెండున్నర వేలకు లోపే. 1950 తరవాత కొద్ది ఏళ్ళలో వారిలో చాలామంది కుటుంబాలతో సహా బయలుదేరి వెళ్ళారు. వాళ్ళను ఎవరూ తరమలేదు. ఇష్టపడే వెళ్ళారు. అయినా పుట్టిన ఊరు విడవడం ఎంత కష్టమో విడిచినవారికే తెలుస్తుంది.

మనుషులు వెళ్ళాక మందిరానికి కష్టకాలం వచ్చింది. ఇటువంటి కట్టడం ఎలా పాడవుతుందో తెలుసుకోవడం మంచిది. ముందు గాలికి ఒక్క పెంకు జారుతుంది. ఇంట్లో మనుషులుంటే ఆ సాయంత్రమే ఎవరో ఎక్కి సర్దుతారు. లేకపోతే ఆ కంతలోంచి వాన దిగుతుంది. వాసాలు నానుతవి. నానిన కొయ్యకు చెద పడుతుంది. వాసం విరిగితే నూరు పెంకులు జారుతవి. అప్పుడు నీరు గోడ నెత్తిన పడుతుంది.

కేరళలో గోడలను లేటరైట్ అనే ఎర్రరాతితో కడతారు. ఆ రాయి భూమిలో ఉన్నప్పుడు మెత్తగా ఉండి, కోసి ఆరబెడితే గట్టిపడుతుంది. లాటిన్ భాషలో ఇటుక అనే మాటనుంచి దానికా పేరు వచ్చింది. పైన సున్నపుపూత ఉన్నంతవరకు గోడకు భయం లేదు. సున్నం తడిని పీల్చుకున్నా మళ్ళీ బయటికి వదిలేస్తుంది. అందుకే పాతగోడలు బాగుచేసేవారు సిమెంటుకంటె సున్నమే మంచిదంటారు. సిమెంటు పూస్తే తడి లోపలే చిక్కుకుని రాతిని తినేస్తుంది.

చేందమంగలం మందిరాన్ని కేరళ పురావస్తుశాఖవారు చేపట్టి బాగుచేయించారు. 2006లో అక్కడ కేరళ యూదుల జీవితాన్ని గురించిన ప్రదర్శన తెరిచారు. ఇప్పుడది మ్యూజియం. తరవాత పక్కనే ఉన్న పరవూరు మందిరాన్ని కూడా ఇలాగే బాగుచేసి మ్యూజియం చేశారు. పరవూరులో ఉన్న కొయ్యబీరువా అసలుది కాదు, నకలు. అసలుది జెరూసలేం మ్యూజియంలో ఉన్నది.

అన్ని మందిరాలకూ ఇటువంటి అదృష్టం పట్టలేదు. కొచ్చిలోని మట్టాంచేరిలో కడవుంభాగం అనే పాతమందిరం ఉండేది. దాని లోపలి కొయ్యపని చాలావరకు జెరూసలేం చేరింది. మిగిలిన గోడలు పాడుపడి, 2019 వానలకు ముందుభాగం కూలిపోయింది.

మీలో ఒకరు ఇలా అడగవచ్చు: "ప్రార్థన చేసేవారే లేనప్పుడు మందిరానికి ఇంత ఖర్చెందుకు?"

మంచి ప్రశ్నే. 1938 నవంబరులో జర్మనీలో యూదుల మందిరాలను వందలకొద్దీ తగలబెట్టారు. అక్కడ కూడా పక్కిళ్ళలో ఉన్నది పొరుగువారే. తరవాతి ఏళ్ళలో హిట్లరు ప్రభుత్వం యూరపులో అరవైలక్షలమంది యూదులను చంపించింది. ఆ కాలంలోనే చేందమంగలంలో యూదుల పిల్లలు నిర్భయంగా పండుగ చేసుకున్నారు. రెండూ జరిగినవే. రెండో విధంగా బతకడం సాధ్యమేనని ఎవరైనా నమ్మకపోతే, చూపించడానికి మనకు ఈ గోడలున్నవి.

అయితే మంచిని మాత్రమే గుర్తుంచుకుని, చెడ్డను దాచడం న్యాయం కాదు. కేరళ యూదులలోనే హెచ్చుతగ్గులుండేవి. ఒకప్పుడు బానిసలుగా ఉండి విడుదలైనవారి సంతతిని మట్టాంచేరి పరదేశి మందిరంలో మిగతావారితో సమంగా కూచోనిచ్చేవారు కారు. ఆ కుటుంబాలలో పుట్టిన ఏ.బి. సేలం అనే న్యాయవాది గాంధీగారి సత్యాగ్రహ పద్ధతిలో దీన్ని ఎదిరించాడు. మందిరంలో తనవారికి చోటు సంపాదించాడు. ఆయన 1967లో చనిపోయాడు. పొరుగువారు గౌరవించిన మనుషులే తమలో కొందరిని చిన్నచూపు చూశారు. ఇది కూడా ఈ కథలో భాగమే.

ఇంకొక్క సంగతి. గోడలు సున్నంతో నిలుస్తవి. పాటలో? కేరళ యూదుస్త్రీలు పెళ్ళిళ్ళకూ పండుగలకూ మలయాళంలో పాటలు పాడేవారు. వాటిని చేతిరాత పుస్తకాలలో రాసుకుని, తల్లి కూతురికి ఇచ్చేది. ఇజ్రాయెల్ వెళ్ళేటప్పుడు ఆ పుస్తకాలను మూటలో కట్టుకుపోయారు. అక్కడ పుట్టిన పిల్లలు హీబ్రూ మాట్లాడారు. పాటలు ముసలివాళ్ళ నోటనే మిగిలినవి. పరిశోధకులు వారిచేత పాడించి, ఆ పుస్తకాలు పోగుచేసి, 2004లో కొన్ని పాటలను రికార్డుగా వెలువరించారు. చిలకమీద పాట కూడా అందులో ఉన్నది. ఆ ముసలమ్మలను అడిగేవారు ఇంకొక ఇరవై ఏళ్ళు ఆలస్యం చేసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

కనక ఈ నెల మీకొక పని. మీ ఊళ్ళో ఒకప్పుడు ఉండి వెళ్ళిపోయినవారు ఎవరో మీ తాతగారినీ అమ్మమ్మగారినీ అడగండి. వాళ్ళ పేరుమీద వీధో, నుయ్యో, పాడుపడిన ఇల్లో ఉండవచ్చు. వాళ్ళు ఏం పని చేసేవారు, ఏ పండుగ చేసుకునేవారు, ఎందుకు వెళ్ళారు అని అడిగి, ఒక కాగితంమీద రాసి తేదీ వేసి ఉంచండి. అమ్మానాన్నలకు కూడా చదివి వినిపించండి. వాళ్ళకు తెలియని సంగతి ఒక్కటైనా అందులో ఉంటుంది.

మళ్ళీ నెల ఇంకొక చోటికి పోదాం.