చెరువు గడ్డకట్టాక పిల్లలకు ఏం చెబుదాం?

చలికాలం సెలవులు దగ్గర పడగానే మా మిన్నెసోటా తెలుగు బడిలో తల్లిదండ్రులు అనే మాట ఒక్కటే: "ఆ సరస్సు దగ్గరికి పోవద్దని మీరు కూడా ఒక మాట చెప్పండి మాస్టారూ!" చెబుతూనే ఉన్నాం. కానీ ఇంటి వెనకాలే సరస్సు ఉండి, దాని మీద పక్కింటి పిల్లలు హాకీ ఆడుతుంటే మన పిల్లలు ఎన్నాళ్ళని కిటికీలోంచి చూస్తూ కూర్చుంటారు? వద్దనడం కంటే నేర్పడమే మేలని మా అభిప్రాయం.

2022 డిసెంబర్ 26న ఆరిజోనాలో గడ్డకట్టిన సరస్సు మీద ఐసు విరిగి మన తెలుగువారు ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. వాళ్ళను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కాలవ గట్టున పెరిగినవాళ్ళకు నీటి సంగతి తెలుస్తుంది గాని ఐసు సంగతి ఎక్కడ తెలుస్తుంది? మనకు తెల్లవారుజామున కమ్మేదీ మంచే, ఆకాశం నుంచి రాలేదీ మంచే, చెరువు మీద గట్టిపడేదీ మంచే. అసలు ప్రమాదం అక్కడే ఉంది. పైన రాలిన మంచు దుప్పటిలా కప్పేసి, కింద ఐసు గట్టిపడకుండా చేస్తుంది.

తరతరాలుగా ఐసుతో బతికినవాళ్ళను చూసి నేర్చుకోవచ్చు. నెదర్లాండ్స్‌లోని ఫ్రీస్‌లాండ్‌లో పదకొండు పట్టణాలను కలుపుతూ కాలవల మీద సుమారు 200 కిలోమీటర్ల స్కేటింగ్ పందెం ఉంది. 1909లో మొదలైంది. ఆఖరిసారి జరిగింది 1997 జనవరి 4న. (1986లో అప్పటి యువరాజు, ఇప్పటి రాజు విల్లెం అలెగ్జాండర్ మారుపేరుతో పాల్గొన్నాడు!) దారి పొడవునా ఐసు 15 సెంటీమీటర్ల మందం ఉంటే తప్ప పందెం పెట్టరు. ఏ ముక్కకు ఆ ముక్క కొలిచి చెప్పడానికి ఆ ఊళ్ళ మనుషులే ఉంటారు, మన చెరువులకు నీరటివాళ్ళు ఉన్నట్టు. 2012 ఫిబ్రవరిలో దేశమంతా ఎదురుచూసింది. కొన్నిచోట్ల మందం చాలలేదని పందెం లేదనేశారు. మాకు పందెం కంటే ఆ "లేదు" అన్న మాటే గొప్పగా తోచింది.

స్వీడన్‌వాళ్ళ పద్ధతి ఇంకా ఇంటికి పనికొచ్చేది. సరస్సుల మీద ఒంటరిగా వెళ్ళరు. చేతిలో ఇనుపమొన కర్ర ఉంటుంది, దానితో ముందు ఐసును పొడిచి చూస్తారు. మెడలో రెండు పిడిమేకులు వేలాడుతుంటాయి. విసరడానికి తాడు ఉంటుంది. వీపున సంచిలో నీరు చొరని కవరులో పొడిబట్టలు ఉంటాయి, మునిగితే ఆ సంచే తేలుస్తుంది. మన ఊళ్ళో ఈత నేర్చుకునేటప్పుడు నడుముకు కట్టుకున్న ఎండు సొరకాయ బుర్ర గుర్తొచ్చిందా? అదే సూత్రం. అక్కడి కొన్ని బడుల్లో పిల్లలకు తాడు కట్టి, పెద్దల పర్యవేక్షణలో ఐసు గుంటలోకి దింపి పైకి రావడం నేర్పుతారు కూడా.

మనం అంతదాకా పోనక్కరలేదు. కానీ ఇవి మాత్రం నోటికి రావాలి. ఐసు మీద నడవాలంటే తేటగా ఉన్న కొత్త ఐసు కనీసం 4 అంగుళాలు ఉండాలని మన రాష్ట్ర సహజ వనరుల శాఖ చెబుతుంది. తెల్లటి ఐసైతే దానికి రెట్టింపు. వంతెనల కింద, వాగు వచ్చి కలిసే చోట, రెల్లు మొలిచిన చోట దాన్ని నమ్మకూడదు. పడిపోతే మొదటి నిమిషం ఊపిరి ఎగబీలుస్తుంది, కంగారుపడకుండా దాన్ని అదుపు చేసుకోవాలి. చేతులూ కాళ్ళూ మాట వినేది ఆ తర్వాత ఓ పది నిమిషాలే. వచ్చిన వైపుకే తిరగాలి, అంతవరకూ మోసిన ఐసు అదే కాబట్టి. మేకులు గుచ్చి, కాళ్ళు తాటిస్తూ బోర్లా పైకి పాకాలి. లేచి నిలబడకుండా దొర్లుకుంటూ దూరం రావాలి. గట్టు మీదున్నవాళ్ళు పరుగెత్తి వెళ్ళకూడదు. ముందు 911కి ఫోన్, తర్వాత తాడో, కర్రో, చున్నీయో అందించాలి. తోబుట్టువు మునుగుతుంటే పిల్లలు ఆగరు. అందుకే ఈ మాట ముందే చెప్పి ఉంచాలి.

చిన్నపిల్లలను భయపెట్టడమేనని కొందరంటారు. రోడ్డు దాటడం నేర్పినప్పుడు భయపెట్టామా? డిసెంబరుకు ముందు ఒక శనివారం గుణింతాలు పక్కన పెట్టి, ఈత కొలనులో ఈ పాఠం చెబుదామని మా ప్రతిపాదన. మేకుల జత ఖరీదు ఓ పిజ్జా ఖరీదు లోపే. తల్లిదండ్రులూ స్నానపు బట్టలు తెచ్చుకోండి. మనలో చాలామందికి ఈతే రాదు.