జ్వరపు మాత్ర: పేర్లు నాలుగు, మందు ఒక్కటే

పారాసిటమాల్ లేని ఇల్లు మన హోసూరు ప్రాంతమున నేడు అరుదు. జ్వరమునకు, తలనొప్పికి, ఒంటినొప్పులకు మొదట చేతి కందునది అదే. తగు కొలతలో వాడినచో మంచి మందు. డెంగ్యూ అనుమానమున్నప్పుడు, రక్తస్రావమునకు దారితీయు నను భయముచే ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ మాన్పించి వైద్యులు దీనినే ఇత్తురు. కావున మా ఆక్షేపణ మందుపైన కాదు. మనవారు పైపేరు చూచి కొని, పైపేరు చూచి మ్రింగు తీరుపైన.

వర్తకులకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. ఒకే రకపు బియ్యము నాలుగు మార్కుల సంచులలో అంగడికి వచ్చును గదా! క్రోసిన్, డోలో, కాల్పాల్ అనునవియు అట్టివే. లోని సరుకు పారాసిటమాలే. జలుబునకని కొను మాత్రలలోను, నొప్పులకని ఐబూప్రొఫెన్ కలిపి అమ్ము మాత్రలలోను తరచుగా అదియే చేరియుండును. జ్వరమున కొకటి, జలుబున కొకటి, నడుమునొప్పి కొకటి మ్రింగిన పెద్దాయన మూడు వేర్వేరు మందులు తీసికొంటి ననుకొనును. కాలేయము లెక్క వేరుగా నుండును.

పెద్దలకు 24 గంటలలో అన్నియు కలిపి 4 గ్రాములు మించరాదు. అనగా 500 మి.గ్రా. మాత్రలైన 8, 650 మి.గ్రా. మాత్రలైన 6. మోతాదుల నడుమ కనీసము 4 గంటలుండవలెను. ఇది దాటరాని హద్దే గాని దినమును పూర్తిచేయవలసిన బాకీ కాదు. మద్యపానము గలవారు, మిక్కిలి బక్కచిక్కినవారు, కాలేయవ్యాధి గలవారు ఈ హద్దును కూడ నమ్ముకొనక వైద్యుని అడుగవలెను.

పిల్లల విషయమే మమ్ము ఎక్కువ కలవరపెట్టుచున్నది. చంటిపిల్లల చుక్కలమందులో సాధారణముగా 1 మి.లీ.కి 100 మి.గ్రా. ఉండును. సిరప్పులో 5 మి.లీ.కి ఒకదానిలో 125, మరియొకదానిలో 250 మి.గ్రా. పది కిలోల బిడ్డకు, కిలోకు 15 చొప్పున, ఒక మోతాదు 150 మి.గ్రా. అది చుక్కలమందైన 1.5 మి.లీ., మొదటి సిరప్పైన 6, రెండవదైన 3 మి.లీ. సిరప్పుకు అలవాటుపడిన అవ్వ చుక్కలమందును 5 మి.లీ. పోసినచో బిడ్డ కడుపులో పడునది పెద్దవారి మాత్ర ఒకటి! ఉగ్గుగిన్నె, వంటింటి చెంచా దీనికి పనికిరావు. సీసాతో వచ్చిన కొలమూతయో, చుక్కలగొట్టమో వాడవలెను. దినమునకు నాలుగు మోతాదులు మించరాదు. మూడు నెలలు నిండని శిశువునకు వైద్యుని అడుగక ఈయనే రాదు.

అధికమైన కాలేయమునకు హాని యని మాత్రల అట్టపైననే అచ్చువేసియున్నారు. అయితే ఇంగ్లీషున, చీమతలకాయలంత అక్షరములతో. మన యిండ్లలో అవ్వకు ఇంగ్లీషు రాదు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము తరువాత బడిలో చేరిన మనుమలలో పెక్కుమందికి తెలుగు నోట వచ్చునే గాని కంట రాదు. అందుచేత మన సంఘము ఇంటింటికి ఒక మందుల చీటీ అచ్చువేసి పంచవలెననియు, అందు తెలుగు ప్రక్కనే అవే తెలుగు మాటలు తమిళ లిపిలో నుండవలెననియు మా అభిప్రాయము. లిపిని విడిచినచో భాష పోవునని కొందరు మిత్రులు వాదింతురు. బడి విషయమున మేమును వారితోనే యున్నాము, ఉందుము. కాని అర్ధరాత్రి బిడ్డ ఒళ్ళు కాలుచుండగా చదువువాడు ఏ లిపి ఎరుగునో ఆ లిపిలోనే చీటీ యుండవలెను. తమిళ లిపిలో క, గలకు భేదము లేదన్నది నిజమే. అంకెలకు ఆ చిక్కు లేదు.

ఆ చీటీలో ఈ సంగతియు చేర్చవలెను. మోతాదు మించిన మొదటి దినమున ఏ బాధయు కనబడకపోవచ్చును. విరుగుడుగా ఇచ్చు ఎసిటైల్‌సిస్టీన్ 8 గంటలలోపల ఇచ్చినచో మిక్కిలి బాగుగా పనిచేయును. కావున వాంతులకో, పచ్చకామెర్లకో ఎదురుచూడక, ఎన్ని మాత్రలు ఏ వేళకు మ్రింగినదియు వ్రాసికొని, ఖాళీ అట్టలతో సహా వెంటనే ఆసుపత్రికి పోవలెను.