ఫోను అమ్మినవాడు పొలం గట్టు మీదికొచ్చాడు

గూగుల్, మెటా, ఆపిల్, అమెజాన్, మైక్రోసాఫ్ట్ - ఈ అమెరికా కంపెనీలు రేపు ఎటు నడుస్తాయన్న సంగతి మన పత్రికకెందుకు? కూలి రేట్ల గురించి, శ్మశానం దారి గురించి రాసుకోక ఈ గొడవ ఎందుకని అడిగే మిత్రులుంటారు. శ్మశానానికి దారి లేని పేటలు ఇవాళ్టికీ ఉన్నాయి, ఆ పోరాటం ఆగదు. కానీ ఈ కంపెనీల దారి ఈసారి మన భూముల మీదుగా, మన నీళ్ల మీదుగా, చివరికి మన నోటి మాట మీదుగా పోతోంది. అందుకే రాస్తున్నాం.

ముందు వాళ్ల కష్టం చెప్పుకుందాం. ఇన్నాళ్లూ వాళ్లకి ఫోనే పాడిగేదె. 2016, 17 నాటికే ప్రపంచం మొత్తం మీద స్మార్ట్‌ఫోన్ల అమ్మకాలు పెరగాల్సినంత పెరిగి ఆగాయి. కొనగలిగినవాడు కొనేశాడు. కొన్నవాడు మూడు నాలుగేళ్లదాకా మార్చడం లేదు. గేదె వట్టిపోతోందని షావుకార్లకి దిగులు పట్టుకుంది. ఫేస్‌బుక్ కంపెనీ 2021 అక్టోబరులో పేరే మార్చుకుని మెటా అయింది. కళ్లకి పెట్టె కట్టుకుని బొమ్మల లోకంలో తిరగండన్నది. జనం తిరగలేదు. ఆ విభాగం మీద 2020 నుంచి పోగొట్టుకున్నది 6 వేల కోట్ల డాలర్ల పైమాటే. ఆపిల్ కూడా 2024లో అలాంటి పెట్టె ఒకటి తెచ్చింది. ఖరీదు 3,499 డాలర్లు, అంటే అప్పటి లెక్కన మన డబ్బుల్లో 3 లక్షలకి కొంచెం తక్కువ. అదీ పెద్దగా పోలేదు.

ఈలోగా 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చింది. అడిగితే మనిషిలాగా జవాబు చెప్పే యంత్రం. ఏఐ అని మన కుర్రాళ్లు అంటున్నది దీన్నే. అంతే, అందరూ ఆ దారే పట్టారు. అమెజాన్, గూగుల్, మైక్రోసాఫ్ట్, మెటా నలుగురూ కలిసి 2025 ఒక్క ఏడాదిలో పెట్టిన పెట్టుబడి 30 వేల కోట్ల డాలర్లు దాటింది. ఎక్కువ భాగం దీని కోసమే. ఆంధ్రప్రదేశ్ 2025-26 బడ్జెట్టు 3 లక్షల 22 వేల కోట్ల రూపాయలు. అలాంటివి ఎనిమిది కలిపితే ఆ లెక్కకి సరిపోతుంది. ఇంత సొమ్ము పోసినవాడు తిరిగి రాబట్టుకోకుండా ఊరుకుంటాడా? ఎక్కడ రాబట్టుకుంటాడన్నదే ప్రశ్న.

మొదటి అడుగు అందరికీ తెలిసిందే, ఉచితం. 2025 జులైలో ఎయిర్‌టెల్ తన ఖాతాదారులకి పెర్‌ప్లెక్సిటీ అనే యంత్రాన్ని ఏడాది పాటు ఊరికే ఇస్తానంది. అక్టోబరు ఆఖర్లో జియో, గూగుల్ కలిసి జెమినీని 18 నెలలు ఊరికే అన్నాయి. నవంబరులో చాట్‌జీపీటీ వాళ్లు మన దేశానికి మాత్రం ఏడాది ఊరికే అన్నారు. ఎందుకింత ప్రేమ? ఎరువుల కొట్టు షావుకారు తొలకరిలో అప్పు రాయడానికి ఎంత ఆదరంగా పిలుస్తాడో, కోతలప్పుడు ఎలా మాట్లాడతాడో మనకి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇదివరకు ఫేస్‌బుక్ ‘ఫ్రీ బేసిక్స్’ పేరుతో తాను ఎంచిన కొన్ని సైట్లే పేదలకి ఊరికే చూపిస్తానని వచ్చింది. 2016 ఫిబ్రవరిలో ట్రాయ్ కుదరదని చెప్పింది. అప్పుడు అడ్డం తిరిగినవాళ్లు చాలామంది చదువుకున్న పట్నం జనం. ఈసారి ఆ చప్పుడు కూడా లేదు.

మేం ఫోను పారేయమనడం లేదు. మన వాడ పిల్లలు ఫోనుతో తీసిన వీడియో ఉండబట్టే కట్టిన కేసులున్నాయి. ఇప్పుడీ యంత్రాన్ని అడిగితే తహసీల్దారుకి అర్జీ రాసిపెడుతోంది, అర్జీ రాసేవాడి చేతిలో పెట్టే డబ్బులు మిగులుతున్నాయి. మంచిదే. అయితే ఒకటి ఆలోచించండి. ఇదివరకు ఏదైనా వెతికితే పది చోట్లు కనపడేవి, మనం ఏరుకునేవాళ్లం. ఇకమీదట ఒకటే గొంతు, ఒకటే జవాబు. తెలుగులో అడిగితే తెలుగులోనే చెబుతుంది. ఆ గొంతు ఎవరిది?

2025 అక్టోబరులో అమెరికాలోని ఎంఐటీ టెక్నాలజీ రివ్యూ పత్రిక ఈ పరీక్షే పెట్టింది. ఖాళీలు పూరించమంది. తెలివైనవాడు ఎవరు, మురుగు ఎత్తేవాడు ఎవరు అన్నట్టుండే వాక్యాలు 105. బ్రాహ్మణుడా, దళితుడా, ఏదో ఒకటి పెట్టాలి. 80 చోట్ల చాట్‌జీపీటీ వెనకున్న కొత్త యంత్రం ఊళ్లో పెద్దమనిషి చెప్పినట్టే చెప్పింది. ఒక దళిత పరిశోధకుడు తన దరఖాస్తు ఇంగ్లీషు సరిచేయమని ఇస్తే, అడక్కుండానే ఇంటిపేరు కూడా సరిచేసి శర్మ అని పెట్టింది. యంత్రానికి కులం ఎవరు నేర్పారని ఆశ్చర్యపోకండి. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. ఇన్నేళ్లూ పుస్తకాల్లో, పేపర్లలో, ఇంటర్నెట్టులో రాసిందెవరో, వాళ్ల రాతే అది తిని పెరిగింది. మన రాత అందులో చారెడు.

ఆ కంపెనీల లోపల కులం లేదనుకుంటే అదీ పొరపాటే. తెలుగువాళ్లు వేలమంది పనిచేసే చోటు అది. ఇక్కడి పీటలూ చెంబులూ అక్కడికీ పోయాయి. 2022 ఏప్రిల్‌లో దళిత హక్కుల కార్యకర్త తేన్మొళి సౌందరరాజన్‌తో గూగుల్‌లో మాట్లాడించాలని కొందరు ఏర్పాటు చేస్తే, ఆమె హిందువులకి వ్యతిరేకి అని మరికొందరు ఉద్యోగులు గోల చేసి ఆపించారు. ఏర్పాటు చేసిన తనూజా గుప్తా ఉద్యోగం వదులుకోవాల్సి వచ్చింది. కులవివక్షని పేరు పెట్టి నిషేధించే బిల్లుని కాలిఫోర్నియా శాసనసభ ఆమోదిస్తే 2023 అక్టోబరులో గవర్నరు న్యూసమ్ సంతకం పెట్టనన్నారు. ఆపిల్ మాత్రం 2020లోనే తన నియమాల్లో కులం అన్న మాట చేర్చింది. అడిగితే చేర్చగలరన్నమాట.

తర్వాత కళ్లజోళ్లు. పెట్టెలు అమ్ముడుపోలేదు గనక వాటిని మామూలు కళ్లజోడంత చేస్తున్నారు. మెటా వాళ్లు రేబాన్‌తో కలిసి చేసిన జోడు 2025 మేలో మన దేశంలోకి వచ్చింది, 29,900 రూపాయల నుంచి మొదలు. ఫ్రేములో కెమెరా, చెవి దగ్గర మాట్లాడే యంత్రం. గూగుల్, శాంసంగ్ ఇదే దారిలో ఉన్నాయి. 2024లో హార్వర్డ్ విద్యార్థులిద్దరు ఇదే జోడుకి ముఖాలు వెతికే యంత్రాన్ని తగిలించి, రోడ్డు మీద పోయే మనిషిని చూడగానే పేరూ వివరాలూ బయటికి తీసి చూపించారు. ప్రమాదం తెలియజెప్పడానికే చేశారనుకోండి. మన ఊళ్లో 30 వేల జోడు కొనేదెవడు? మోతుబరి కొడుకు. వాడి కెమెరాలో పడేదెవరు? కుళాయి దగ్గర నీళ్లు పట్టుకునే మన ఆడకూతురు. చేతిలో ఫోనెత్తి తీస్తే ఏంరా అని నిలదీయొచ్చు. కళ్లజోడు పెట్టుకుని చూస్తున్నవాణ్ని ఏమని నిలదీస్తాం?

ఇదంతా ఒక ఎత్తు, భూమి ఒక ఎత్తు.

మాట్లాడే యంత్రం గాలిలో ఉండదు. దానికి షెడ్లు కావాలి, పగలూ రాత్రీ కరెంటు కావాలి, వేడెక్కకుండా చల్లార్చాలి. దాన్నే డేటా సెంటర్ అంటున్నారు. 2025 అక్టోబరు 14న గూగుల్ ఢిల్లీలో ప్రకటించింది - విశాఖపట్నంలో 2026 నుంచి 2030 దాకా 1,500 కోట్ల డాలర్లు పెడతామని. అదానీ కంపెనీ, ఎయిర్‌టెల్ తోడు. సముద్రం అడుగునుంచి తీగలు కూడా ఇక్కడే ఒడ్డుకి చేరతాయి. ఆనందపురం మండలం తర్లువాడ, సింహాచలం దగ్గర అడవివరం, అనకాపల్లి జిల్లా రాంబిల్లి - మూడు చోట్లా కలిపి సుమారు 480 ఎకరాలు. కరెంటు లెక్క వెయ్యి మెగావాట్లు. పరవాడ సింహాద్రి ప్లాంటు మొత్తం 2 వేల మెగావాట్లు. అందులో సగం ఒక్క కంపెనీ యంత్రాలకి. సౌర విద్యుత్తు, గాలి విద్యుత్తు తెచ్చుకుంటామంటున్నారు. సోలార్ పలకలు ఆకాశంలో పరవరు గదా, వాటికీ భూమే కావాలి.

రాయితీలు 22 వేల కోట్లని కర్ణాటక మంత్రి ప్రియాంక్ ఖర్గే అన్నారు. మన ప్రభుత్వం ఉద్యోగాల లెక్క లక్షల్లో చెబుతోంది. డేటా సెంటర్ ఎక్కడైనా చూడండి. కట్టేటప్పుడు వందలమంది కూలీలు, కట్టాక కొద్దిమంది కాపలాదార్లు, కొద్దిమంది ఇంజినీర్లు. ఇదే విశాఖలో ఉక్కు ఫ్యాక్టరీ కోసం 1966 ఉద్యమంలో 32 మంది చనిపోయారు, 64 ఊళ్లు భూములిచ్చాయి. ఆర్-కార్డు పట్టుకుని తిరిగి తిరిగి ముసలివాళ్లయినవాళ్లు ఇంకా ఉన్నారు, ఆ అన్యాయం అలాగే ఉంది. అయినా అది సర్కారు ఫ్యాక్టరీ, రిజర్వేషన్ ఉంది. మన పిల్లలు ఆ గేటు లోపలికి జీతగాళ్లుగా పోయారు, జీతం రాళ్లతో ఇల్లు కట్టారు, బిడ్డల్ని చదివించారు. ఈ కొత్త షెడ్లకి ఆ గేటే లేదు.

నీళ్ల మాట అడిగితే ఏం జరుగుతుందో అమెరికాలోనే చూడొచ్చు. ఆరెగాన్ రాష్ట్రంలో ద డాల్స్ అనే చిన్న పట్నం. గూగుల్ డేటా సెంటర్లు అక్కడ ఎప్పట్నుంచో ఉన్నాయి. ఎన్ని నీళ్లు తాగుతున్నాయని ఒక పత్రిక అడిగింది. వ్యాపార రహస్యం, చెప్పం అని పట్నం పాలకులు పత్రిక మీదే కోర్టుకెక్కారు. ఆ కోర్టు ఖర్చు భరించింది గూగుల్. ఏడాది పైన కొట్లాడాక 2022 డిసెంబరులో లెక్క బయటపడింది. ఊరు వాడే నీళ్లలో నాలుగో వంతుకి మించి ఆ ఒక్క కంపెనీయే. తెల్లవాళ్ల ఊళ్లోనే ఇంత దాపరికమైతే తర్లువాడలో అడిగినవాడికి ఎవడు చెబుతాడు?

అలాగని అడిగితే లాభం లేదనుకోవద్దు. చిలీ దేశంలో శాంటియాగో పక్కన సెరియోస్ అనే చోట జనం ఏళ్లతరబడి పట్టుబట్టారు. 2024లో పర్యావరణ కోర్టు అనుమతిని తిరిగి చూడమంది. ఆ ఏడాదే గూగుల్ పాత పథకం పక్కన పెట్టి, గాలితో చల్లార్చే పద్ధతికి మారి అనుమతి మళ్లీ మొదట్నుంచి తెచ్చుకుంటానని ఒప్పుకుంది. నీళ్లు లేకుండా కుదరదన్నది అబద్ధమని దీంతో తేలింది.

ఇక మన పని. ఇలాంటి పథకాలకి ముందుగా తీసేది కొండవాలు, బంజరు, పోరంబోకు. పేదలకి డి-పట్టాలిచ్చింది కూడా అలాంటి చోట్లే. 1977 అసైన్డ్ చట్టం ప్రకారం 2023 సవరణ దాకా ఆ భూమి అమ్మడానికి లేదు, అది మనకి రక్షగా ఉండేది. కానీ ప్రభుత్వం వెనక్కి తీసుకునేటప్పుడు ‘సర్కారు ఇచ్చిందే గదా’ అని చేతిలో కొంచెం పెట్టి పంపుతారు. అది చెల్లదు. అసైన్డ్ రైతుకి కూడా పట్టా రైతుతో సమానంగా మార్కెట్ ధర, సొలేషియం ఇవ్వాలని 2004లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం మేకల పాండు కేసులో చెప్పింది. ఈ తీర్పు పేరు ప్రతి కార్యకర్తకీ నోటికి రావాలి. ఆర్డీవో దగ్గరికి పోయినప్పుడు మొదట పలకాల్సిన మాట అదే. కౌలుకి చేసేవాళ్లకీ, ఆ భూమిలో కూలికిపోయేవాళ్లకీ కాగితం మీద పేరే ఉండదు. వాళ్ల పేర్లు మనమే రాయించాలి.

సర్కారు భూమి, సర్కారు రాయితీ తీసుకున్న కంపెనీ రిజర్వేషన్ మాటెత్తితే మాది ప్రైవేటు అనడం ఎక్కడి న్యాయం? ఎంత రాయితీ ఇచ్చారో అన్ని ఉద్యోగాల్లో మన వాటా రాసివ్వమనాలి. ఒప్పందం తెలుగులో అచ్చేసి గ్రామసభలో చదవమనాలి. ఏ ఏటి నీళ్లు, రోజుకి ఎన్ని లక్షల లీటర్లు, ఎండాకాలంలో ఎవరికి ముందు అన్నది అందులో ఉండాలి. సమాచార హక్కు కింద దరఖాస్తు ఒక్కళ్లు కాదు, పేటకి పదిమంది పెట్టండి.

తర్లువాడ, రాంబిల్లి చుట్టుపక్కల జిల్లా కమిటీలు ఆలస్యం చెయ్యకుండా ఇంటింటికీ పోయి డి-పట్టా, అడంగల్, పాస్‌బుక్ నకళ్లు పోగుచెయ్యాలి. పట్టా తాత పేర ఉండి వారసుల పేర ఎక్కని ఇళ్లు ముందు చూడండి, సంతకం పెట్టించడానికి వచ్చేవాళ్లు మొదట తట్టేది ఆ తలుపులే. ఖాళీ కాగితం మీద వేలిముద్ర వెయ్యొద్దని అమ్మలకి, అవ్వలకి చెప్పండి. తెచ్చిన కాగితం ఏదైనా ఫోనుతో ఫోటో తీసి కమిటీకి పంపమనండి.