మైదానమునకు తాళము

బొజ్జను గూర్చిన పరిహాసములకు మన పట్టణములలో కొదవలేదు. పెండ్లిపందిరిలోను, కచ్చేరి వసారాలోను, పఠనమందిరపు బల్లయొద్దను నడుము పెరిగినవాడు నలుగురి నోళ్లలో పడుచునే యున్నాడు. 'తిండి తగ్గించవయ్యా, తెల్లవారుజామున లేచి నాలుగడుగులు నడువవయ్యా' యని బోధించువారు వీధికొకరు గలరు. వైద్యుడును ఆ మాటయే చెప్పును. ఫీజు పుచ్చుకొని చెప్పును. ఎక్కడ నడువవలెనో మాత్రము ఎవరును చెప్పరు. ఈ వారము మేము విచారింపదలచినది ఆ 'ఎక్కడ' యను మాటనే.

ముందుగా లెక్కలు చూతము. ఒకని బరువును కిలోగ్రాములలో తూచి, ఎత్తును మీటర్లలో కొలిచి, ఆ ఎత్తును దానితోనే గుణించి, వచ్చిన అంకెతో బరువును భాగింపగా 25గాని అంతకు మించిగాని తేలినచో వానిని అధికభారము గలవానిగా లెక్కింతురు. 2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలనలో 15 మొదలు 49 ఏండ్ల వయస్సుగల ఆంధ్రప్రదేశ స్త్రీలలో నూటికి 36.3 మంది, పురుషులలో 31.1 మంది ఈ కోవలో చేరిరి. తెలంగాణమున స్త్రీలు 30.1, పురుషులు 32.3. దేశము మొత్తముమీద స్త్రీలలో 24, పురుషులలో 22.9 మాత్రమే. అనగా ఈ విషయమున తెలుగువారము దేశపు సగటును చాల దాటిపోతిమి. ఇంకొక సంగతి గమనింపదగినది. 2015-16లో జరిగిన పరిశీలనతో పోల్చినచో ఆంధ్రప్రదేశ పురుషుల లెక్క 33.5 నుండి కొంచెము దిగినది. స్త్రీల లెక్క 33.2 నుండి పైకెక్కినది. ఈ భేదమును చదువరులు మనస్సునం దుంచుకొనవలెను. దీనితో మనకు ముందు పని యున్నది. ఇక 25 అను గీతయు మనవారికి కొంత ఉదారమైనదే. ఆసియా వారిలో 23 నుండియే అపాయము పెరుగుచున్నదని 2004లో ప్రపంచ ఆరోగ్యసంస్థ నియమించిన నిపుణులు తేల్చియున్నారు.

కదలిక సంగతి యింకను అన్యాయము. వారమునకు 150 నిమిషములైన ఒక మోస్తరు శ్రమ దేహమునకు కావలెనని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. 2022 నాటికి మన దేశములోని వయోజనులలో ఇంచుమించు సగముమందికి ఆపాటి శ్రమ కూడ లేదని 2024లో వెలువడిన పరిశీలన తెలుపుచున్నది. పురుషులలో నూటికి 42 మంది, స్త్రీలలో 57 మంది.

ఇదంతయు సోమరితనమేనా? మా కట్లు తోచదు. మన తాతలు వ్యాయామమును గూర్చి ఉపన్యాసములు విని దేహమును కాపాడుకొనలేదు. నీరు చేదవలెను, వడ్లు దంచవలెను, సంతకు నడువవలెను. శ్రమ పనిలోనే కలిసియుండెను. ఆ రోకలిపోటును మరల తెచ్చుకొందమని మేము చెప్పబోము. ఆ చాకిరిలోని సుఖమేపాటిదో చేసిన యాడువారి నడుగవలెను. మర వచ్చినది, కుళాయి వచ్చినది, మోటారు సైకిలు వచ్చినది; రావలసినవే వచ్చినవి. కాని పనిలోనుండి శ్రమ వెడలిపోయిన పిమ్మట దానిని విరామకాలమున వేరుగా వెదకుకొనవలసి వచ్చినది. పనిలోని శ్రమకు పనియున్న చోటే చోటు. విరామకాలపు శ్రమకు ప్రత్యేకముగా ఒక చోటు కావలెను. ఆ చోటును ఎవరిచ్చిరి?

బ్రిటనులో 40 మొదలు 70 ఏండ్ల లోపు వయస్సుగల స్త్రీపురుషులు సుమారు 4 లక్షలమంది దేహపు కొలతలను, వారి యిండ్ల చుట్టునున్న వ్యాయామవసతులను సరిపోల్చిన పరిశీలన యొకటి 2018లో 'లాన్సెట్ పబ్లిక్ హెల్త్' అను వైద్యపత్రికలో ప్రకటింపబడినది. ఇంటినుండి కిలోమీటరు దూరములోపల జిమ్ములు, ఈతకొలనులు, ఆటస్థలములు మొదలైనవి ఎన్ని యున్నవో లెక్కించిరి. ఒక్కటియు లేనివారికంటె, ఆరుగాని అంతకెక్కువగాని యున్నవారి నడుము చుట్టుకొలత 1.22 సెంటీమీటర్లు తక్కువగా నుండెను. దేహమందలి కొవ్వును తక్కువగానే యుండెను. వయస్సు, ఆదాయము, చదువు మున్నగు భేదములను లెక్కకట్టి సవరించిన తరువాత తేలిన అంకె లివి. చిరుతిండి దుకాణము ఇంటికెంత దూరమున నున్నదో అదియు చూచిరి. దానికి కనబడిన సంబంధము ఇంతకంటె బలహీనము.

ఒక సెంటీమీటరు పైచిల్లరయా, ఇంతేనా యని చదువరి నవ్వవచ్చును. నిజమే, ఒక్క మనుష్యునికి అది బెల్టులో రెండు రంధ్రముల నడిమి దూరమునకు సగము. కాని అది 4 లక్షలమందిని కలిపి తీసిన సగటు. ఊరంతయు ఆపాటి సన్నబడినచో ఆ ఊరి వైద్యశాలకు పోవువారి లెక్క మారకుండునా?

రెండవ ఆక్షేపణ మా వృత్తివారికి వెంటనే స్ఫురించునది. రెండు విషయములు ఒక్కచోట కనబడినంతమాత్రమున ఒకటి మరియొకదానికి కారణము కానేరదు. వ్యాయామప్రియులే మైదానముల చెంత ఇండ్లు వెదకుకొని కాపురముండిరేమో! ఆ పరిశీలకులును కారణమును నిరూపించితిమని చెప్పుకొనలేదు. ఈ వాదమును మేము ఒప్పుకొందుము. ఇంకొకటి కూడ ఒప్పుకొందుము. కసరత్తు ఒక్కటియే మనుష్యుని సన్నబరచదు. పాలిషు పట్టిన బియ్యము, నూనె, దినమునకు నాలుగుసారులు చక్కెర వేసిన టీ తమ పాలు తాము పుచ్చుకొనుచునే యుండును. అయినను బరువు తగ్గక పోయినను నడక రక్తములోని చక్కెరను, రక్తపుపోటును అదుపులోనికి తెచ్చునని వైద్యులలో భిన్నాభిప్రాయము లేదు. ఇంతకును ఇంతకాలము బోనులో నిలువబెట్టబడినవాడు లావుపాటి మనుష్యుడు. సాక్ష్యము సందిగ్ధమైనచో సంశయలాభము వానికే చెందవలెను గాని మునిసిపాలిటీకి గాదు.

ఆ బ్రిటిషు లెక్కలలో మమ్ము ఎక్కువగా ఆకర్షించిన సంగతి వేరొకటి. వ్యాయామవసతికిని దేహభారమునకును గల సంబంధము స్త్రీలలోను, అధికాదాయము గలవారిలోను మరింత బలముగా కనబడినది. స్త్రీల మాట మన ఊరి అనుభవముతో సరిపోవుచున్నది. చోటు దగ్గర లేనప్పుడు పురుషుడు స్కూటరెక్కి దూరమైనను పోవును, స్త్రీ ఇంట నిలిచిపోవును. ఆదాయపు మాటకు మా ఊహ యిది. దగ్గర నుండుట ఒకటి, లోనికి పోగలుగుట ఇంకొకటి. ద్వారమున రుసుము అడిగినచో బీదవానికి అది పదిగజముల దూరమున నున్నను పది ఆమడలే.

మా పట్టణమునే చూడుడు. జిమ్ములు లేకపోలేదు. దుకాణములపై మూడవ అంతస్తున అద్దములతో, చెవులు చిల్లులుపడు సంగీతముతో వెలయుచున్నవి. నెలరుసుము చిన్నగుమాస్తా యింటి అద్దెలో చెప్పుకోదగిన భాగము. మునిసిపల్ పార్కు కలదు; నడువ వీలున్న వేళకు మూసియుండును, ఎండ మండువేళకు తెరచియుండును. పెద్దమైదానము సంవత్సరములో ఎన్నియో దినములు వస్తుప్రదర్శనలకు, సభలకు అద్దెకు పోవును. ఆ పిమ్మట మేకులు ఏరుకొనుటకు మరికొన్ని దినములు. హైస్కూలు మైదానము ఊరి నడుబొడ్డున విశాలముగా, వేపచెట్ల నీడతో నున్నది. బడి విడిచిన గంటకెల్ల గేటుకు తాళము పడును. తెల్లవారుజామున స్త్రీలు ఐదారుగురు గుంపులుగా బైపాసు రోడ్డుమీద లారీల వెలుతురులో నడుచుచున్నారు. కాలిబాట లేదు. కుక్కలకు కొదువ లేదు.

మా కక్షిదారులలో ఒక కుట్టుపనివాని భార్య గలదు. చక్కెరవ్యాధి. దినమునకు అరగంట నడువుమని వైద్యుడు చెప్పెను. ఆమె యిల్లు ఐదడుగుల సందులో నున్నది. సందు దాటిన ఆటోల బారు. పొద్దుగూకిన తరువాత రోడ్డుమీద ఒంటరిగా నడచిన ఆడుదానిని ఊరు చూచు చూపు చదువరులకు తెలియనిది కాదు. అందుచేత ఆమె డాబాపైన నడుచుచున్నది. ఎనిమిది అడుగులు ఇటు, ఎనిమిది అడుగులు అటు. నడుమ బట్టలారవేయు తీగెలు. 'కళ్లు తిరుగుచున్నవండీ, అందుకే మానివేసితిని' అని ఆమె మాతో చెప్పినది. ఈమెను సోమరియని పిలుచు ధైర్యము మాకు లేదు. ఆమె డాబామీదినుండి చూచినచో హైస్కూలు వేపచెట్లు కనబడును.

పూర్వము మన కోస్తా పట్టణములలో తాలింఖానా లుండెడివి. ఇసుక గోదా, రెండు సంగడములు, గోడకు ఆంజనేయుని పటము. ఇంతకు మించిన సామగ్రి లేదు. దండీలు, బస్కీలు, కర్రసాము అచ్చటనే నేర్చెడివారు. వీరఘట్టమున పుట్టి 1942లో కాలధర్మము నొందిన కోడి రామమూర్తిగారి బలమును గూర్చి ఇప్పటికిని గర్వముగా చెప్పుకొందుము. చెప్పుకొనవలసినదే. కాని ఆ తాలింఖానాలలో ఆడువారికి చోటు లేదు, ఊరిబయట నిలువబడినవారికిని సాధారణముగా లేదు. కావున ఆ కాలము తిరిగి రావలెనని పూర్తిగా కోరుకొనలేము. మనకు కావలసిన దృష్టాంతము వ్యాయామశాలలో గాక గ్రంథాలయములలో నున్నది. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణాకాలువలో పడవమీద గ్రంథములను పెట్టి గ్రామగ్రామమునకు త్రిప్పిరి. పల్లెవారికి చదువుపై ఆసక్తి లేదని నిందించుచు ఆయన కూర్చుండలేదు. పుస్తకమును రేవునకు తెచ్చిరి. ఈ సంపాదకీయమును పఠనమందిరమున కూర్చుండి చదువుచున్న వారు ఒక్కక్షణము ఆలోచింపుడు. ఈ మందిరము మీ యింటికి ఐదు కిలోమీటర్ల దూరమున నుండి, లోనికి వచ్చుటకు రుసుము అడిగినచో, మీలో ఎందరు వచ్చియుందురు?

ఇక చట్టము. 74వ సవరణతో రాజ్యాంగమునకు చేర్చబడిన పన్నెండవ షెడ్యూలులో పార్కులు, తోటలు, ఆటస్థలములు పురపాలక సంఘముల కప్పగింపదగిన కార్యములుగా పేర్కొనబడినవి. ఆంధ్రప్రదేశమున 2017లో ప్రకటించిన లేఔటు నియమములు నూటికి పదివంతుల భూమిని బహిరంగస్థలముగా విడువవలెనని విధించినవి. ఆ పదివంతులు కాగితముమీద పచ్చరంగుతో నుండును. నేలమీద వాటిలో కొన్ని కల్యాణమండపములై, కొన్ని నీళ్లట్యాంకులై, కొన్ని పలుకుబడిగలవారి ప్రహరీలలో కలిసిపోయియుండును. బెంగుళూరులో పార్కుకై కేటాయించిన స్థలమును ఒక ప్రైవేటు వైద్యసంస్థకు ఇచ్చివేయగా ఆ పేటవారు కోర్టుకెక్కిరి. 1991లో సుప్రీముకోర్టు ఆ కేటాయింపు చెల్లదని తీర్పు చెప్పినది. పేటవారికి అడుగు హక్కు గలదనియు చెప్పినది. ఆ తీర్పును మేము చదివినప్పుడెల్ల ఒక సంగతి మా మనస్సున మెదలుచుండును. నడువవలసిన చోట వైద్యశాలను కట్టుట యన, ముందు రోగమును పెంచి తరువాత రోగిని పిలుచుట గాదా!

కొత్తభూమిని కొనుమని మేమిప్పుడు అడుగుట లేదు. ఖజానాలో సొమ్ము లేదను జవాబు మాకు కంఠస్థమే. ప్రతి పాఠశాలకు ఆటస్థలము ఉండవలెనని 2009 నాటి విద్యాహక్కు చట్టము చెప్పుచున్నది. కావున ఉన్న భూమికే తాళము తీయుమని అడుగుచున్నాము. ఉదయము ఐదు మొదలు ఏడున్నరవరకు, సాయంకాలము బడి విడిచిన గంట మొదలు రాత్రి ఎనిమిదివరకు. దీపము లేక స్త్రీలు రారు. కావలి లేక తాళము తీయుటకు ప్రధానోపాధ్యాయులు సాహసింపరు. వారి భయము అకారణము కాదు. కిటికీ పగిలిన వారిని అడుగుదురు. సీసాలు దొరికిన వారిని అడుగుదురు. పగిలినదానికి పూచీ పురపాలక సంఘము వ్రాతమూలముగా పడవలెను. ఇద్దరు కావలివారిని, వారిలో ఒకరిని స్త్రీని, నియమింపవలెను. ఇటీవల అక్కడక్కడ పార్కులలో ఇనుప యంత్రములను నిలిపి వాటి ప్రక్క ప్రారంభకుల పేళ్లతో శిలాఫలకములు చెక్కించుచున్నారు. యంత్రములకు మేము విరోధులము కాము. ఆ సొమ్ములో కొంత దీపములకు, కావలికి వెచ్చించినచో ఫలకముపై చెక్కుటకు ఏమియు మిగులదన్న దొక్కటే లోపము.

ఈ లోపల ఈ పత్రిక తన పని తాను చేయబూనినది. పట్టణములోని ప్రతి వార్డునందు ప్రజలకు చెందిన మైదానములు, పార్కులు, లేఔటులలో విడిచిన ఖాళీస్థలములు ఎన్ని గలవో, ఏ గంటకు తెరచి ఏ గంటకు మూయుదురో, దీపము గలదో లేదో, స్త్రీలు వచ్చుచున్నారో లేదో, ఎవరి ప్రహరీలో చిక్కియున్నవో చదువరులు మాకు వ్రాసి పంపవలెను. తమ లేఔటు పటపు నకలును జతపరచినచో మరియు మంచిది. నకలు సంపాదించుట తెలియనివారు సాయంకాలము మా కార్యాలయమునకు వచ్చినచో సమాచారహక్కు దరఖాస్తును మేమే వ్రాసి యిత్తుము. వచ్చిన వివరములను వార్డుల వారీగా వారము వారము ఈ పుటలోనే ప్రకటింతుము. మొదటి పట్టికలో మొదటి పంక్తి ఇప్పుడే వ్రాసికొంటిమి. హైస్కూలు మైదానము, వేపచెట్లు గలవు, సాయంకాలము ఐదింటికి తాళము.