కేక్ ఆగనీ, ముందు నీళ్లు తాగించండి

బర్త్‌డే వస్తే వృద్ధాశ్రమానికి పోయి పండ్లు పంచి, ఆ ఫొటో స్టేటస్‌లో పెట్టడం మన ఆదిలాబాద్‌లోనూ మామూలైపోయింది. నేను దాన్ని వెక్కిరించను. పార్టీకి పోయే పైసలు పెద్దోళ్ల దాకా వస్తున్నాయంటే మంచిదే గదా. కానీ ఒక్క ప్రశ్న: నోట్లో పండ్లు లేని తాత మీరిచ్చిన యాపిల్ పండును ఏం చేసుకోవాలె?

నడవగలిగేవాళ్లు హాల్లోకి వస్తారు, ఫొటోలో పడతారు. మంచం దిగలేనివాళ్లు లోపలి గదిలోనే ఉంటారు. ఈ వారం ముచ్చట వాళ్ల గురించే. ఈసారి పోయినప్పుడు, అక్కడున్నది మీ సొంత నానమ్మే అయినా సరే, మూడు సంగతులు చూడండి.

మొదటిది నీళ్లు. వయసు మీదపడితే దాహం అంతగా తెలియదు. పైగా రాత్రి బాత్రూంకు ఎవరు తీసుకుపోతారోనన్న భయంతో కొందరు కావాలనే తాగరు. ఒంట్లో నీళ్లు తగ్గితే మత్తుగా పడి ఉంటారు, పొంతన లేకుండా మాట్లాడతారు. మనమేమో "ముసలితనం, అంతే" అనుకుంటాం. గ్లాసు గదిలో ఉంటే సరిపోదు, చేతికి అందాలి. తాగించేటప్పుడు లేపి కూర్చోబెట్టాలి, పడుకోబెట్టి పోస్తే పొలమారుతుంది.

రెండోది మడమలు, నడుం కింది ఎముక. ఒకే పక్కన పడుకుంటే అక్కడ చర్మం ఒరిసి పుండవుతుంది. మన రంగు చర్మం మీద మొదట్లో ఎరుపు సరిగ్గా కనిపించదు. తాకి చూస్తే వేడిగానో గట్టిగానో తగులుతుంది. ఇది రాకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలంటారు. లెక్క వేయండి: మంచాన ఉన్నవాళ్లు పది మందైతే రోజుకు 120 సార్లు. బరువున్న మనిషిని తిప్పాలంటే ఇద్దరు కావాలి. అందుకే ఏ ఆశ్రమానికి పోయినా నేను మొదట అడిగేది ఒకటే: "రాత్రి పూట ఎంతమంది ఉంటరు?" గోడకున్న పెయింట్ కన్నా ఆ జవాబే ఎక్కువ చెబుతుంది.

మూడోది భాష. మన జిల్లాలో తెలుగుతో పాటు మరాఠీ, గోండీ, కొలామీ, లంబాడీ, ఉర్దూ వినిపిస్తాయి. మతిమరుపు జబ్బు ముదిరితే చాలామందికి తర్వాత నేర్చిన భాష ముందు జారిపోతుంది, చిన్ననాటిది మిగులుతుంది. ఒకచోట "నీళ్లు తాగుతవా అమ్మమ్మా" అని ఎంత అడిగినా గోడవైపు తిరిగి పడుకున్న పెద్దావిడను చూశాను. ఆయమ్మ వచ్చి "పాణీ పాహిజే కా, ఆజీ?" అనగానే ఆమె చెయ్యి చాపింది. మీకు ఆ భాషల్లో ఒకటి వస్తే, మీరు పట్టుకుపోగలిగిన అసలు గిఫ్ట్ అదే.

ఇక చట్టం. జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడే ఆశ్రమం గురించి 2007 నాటి వృద్ధుల సంక్షేమ చట్టం చెప్పింది. కాకపోతే ప్రభుత్వం "పెట్టవచ్చు" అన్నది, "పెట్టి తీరాలి" అనలేదు. ఆ ఒక్క మాట తేడాతో చాలా చోట్ల బండి దాతల మీదే నడుస్తోంది. ఎవరినైనా పట్టించుకోకుండా వదిలేశారని మీ కంటబడితే ఎల్డర్‌లైన్ 14567కు ఫోన్ చేయండి, పైసా ఖర్చు లేదు.

అక్టోబర్ 1న, వృద్ధుల దినోత్సవానికి, అందరూ వస్తారు. చలి 5 డిగ్రీల దగ్గరికి దిగే మన డిసెంబర్ రాత్రుల్లో ఎవరూ రారు. ఐదుగురు దోస్తులు కలిసి కేక్ పైసలు పక్కన పెడితే దుప్పట్లు, డైపర్లు వస్తాయి. నెలనెలా వేసుకుంటే రాత్రి డ్యూటీకి ఇంకో ఆయమ్మ జీతంలో కొంతైనా అవుతుంది. ఏం కావాలో ముందు ఫోన్ చేసి అడగండి. ఫొటో కావాలంటే, అది కూడా వాళ్లనే అడగండి. వద్దంటే వద్దు.