ఉత్తర తెలంగాణలో హెచ్.ఐ.వి. పరీక్ష, చికిత్స లక్ష్యాలు

హెచ్.ఐ.వి. సోకిన వారందరికీ ఆ సంగతి తెలియాలి, తెలిసిన వారందరికీ మందులు అందాలి, మందులు వాడుతున్న వారందరి రక్తంలో వైరస్ అణగి ఉండాలి. ఈ మూడు మెట్లకు ఐక్యరాజ్య సమితి శాతాలలో నిర్ణయించిన గమ్యాలను హెచ్.ఐ.వి. పరీక్ష, చికిత్స లక్ష్యాలు అంటారు. ఒక్కొక్క మెట్టులో 2020 నాటికి 90 శాతం, 2025 నాటికి 95 శాతం సాధించాలని నిర్ణయించడం జరిగింది. హెచ్.ఐ.వి.తో జీవిస్తున్నవారిలో అత్యధికులు అల్పాదాయ, మధ్యాదాయ దేశాలవారే కనుక ఈ లక్ష్యాల జయాపజయాలు ఆ దేశాలలోనే తేలుతాయి. ఈ వ్యాసంలో భారతదేశపు పురోగతి, అందులో పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల ప్రత్యేక పరిస్థితులు వివరించబడినవి. 2016 అక్టోబరు 11న జరిగిన పునర్వ్యవస్థీకరణలో ఆదిలాబాద్ జిల్లా నుండి నిర్మల్, మంచిర్యాల, కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలు, కరీంనగర్ జిల్లా నుండి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడినవి.

లక్ష్యాల పూర్వాపరాలు

2003 డిసెంబరు 1న ప్రపంచ ఆరోగ్య సంస్థ, 2005 చివరికల్లా 30 లక్షల మందికి చికిత్స అందించాలనే లక్ష్యాన్ని ప్రకటించింది. గడువు ముగిసేనాటికి చికిత్స పొందుతున్నవారు సుమారు 13 లక్షల మంది మాత్రమే. ఆ 30 లక్షల సంఖ్యను 2007లో గాని చేరుకోలేదు. 2011లో ఐక్యరాజ్య సమితి, 2015 నాటికి కోటి యాభై లక్షల మందికి చికిత్స అందాలని తీర్మానించింది. ఇది మాత్రం గడువుకంటే ముందే నెరవేరింది.

ఈ రెండు లక్ష్యాలూ చికిత్స పొందినవారిని మాత్రమే లెక్కించాయి. ఎంతమంది మిగిలిపోయారో వాటివల్ల తెలియదు. 2014లో ప్రకటించిన 90-90-90 లక్ష్యం ఈ లోపాన్ని సవరించింది. సంఖ్యకు బదులు శాతాన్ని తీసుకోవడంవల్ల పరీక్షకే రానివారు కూడా మొదటిసారిగా లెక్కలోకి వచ్చారు. 2020 చివరకు ప్రపంచం సాధించినది 84-87-90. 2024 చివరకు ఇది 87-89-94 అయింది. ఆ సంవత్సరం ప్రపంచంలో హెచ్.ఐ.వి.తో జీవిస్తున్నవారు సుమారు 4 కోట్ల 8 లక్షలు కాగా, వారిలో 3 కోట్ల 16 లక్షల మంది చికిత్స పొందుతున్నారు. అదే సంవత్సరంలో సుమారు 6 లక్షల 30 వేల మంది ఎయిడ్స్ సంబంధిత వ్యాధులతో మరణించారు.

మూడు అంకెలను చదివే విధానం

ఈ మూడు శాతాలు ఒకదానిపై ఒకటి ఆధారపడినవి. రెండవ శాతం మొత్తం బాధితులలో లెక్కించేది కాదు, వ్యాధి సంగతి తెలిసినవారిలో మాత్రమే. మూడవది చికిత్స పొందుతున్నవారిలో మాత్రమే. కాబట్టి మూడు చోట్లా 95 శాతం సాధించినా, నూరుగురిలో వైరస్ అణగినవారు 86 మందే అవుతారు.

2023 లెక్కల ప్రకారం భారతదేశం సాధించినది 81-88-97. చివరి అంకె లక్ష్యాన్ని దాటింది. అయితే నూరుగురు బాధితులను ఊహించుకొంటే అసలు సంగతి బోధపడుతుంది. వారిలో తమకు హెచ్.ఐ.వి. ఉన్నదని తెలిసినవారు 81 మంది, మందులు వాడుతున్నవారు సుమారు 71 మంది, వైరస్ అణగినవారు 69 మంది. మిగిలిన 31 మందిలో 19 మంది మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయారు. పది మంది రెండవ మెట్టు దగ్గర, ఇద్దరు మాత్రమే మూడవ మెట్టు దగ్గర ఆగారు. అనగా మందులు వాడినవారికి అవి చక్కగా పనిచేస్తున్నాయి. కొరత ఉన్నది రోగిని గుర్తించడంలో, గుర్తించిన రోగిని చికిత్సాకేంద్రం దాకా చేర్చడంలో.

భారతదేశం, తెలంగాణ

భారతదేశంలో హెచ్.ఐ.వి.ని మొదటిసారిగా 1986లో చెన్నైలో గుర్తించారు. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) ఏర్పడింది. 2004 ఏప్రిల్ 1న ప్రభుత్వాసుపత్రులలో ఉచిత ఏ.ఆర్.టి. చికిత్స ప్రారంభమైంది. అప్పటి ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్ వ్యాధి ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాలలో ఒకటిగా మొదటి విడతలోనే చేరింది. 2005-06లో జరిగిన మూడవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఉమ్మడి రాష్ట్రపు వయోజనులలో 0.97 శాతం మందికి హెచ్.ఐ.వి. ఉన్నట్లు తేలింది.

నాకో 2023 అంచనాల ప్రకారం దేశంలో హెచ్.ఐ.వి.తో జీవిస్తున్నవారు సుమారు 25 లక్షల 44 వేలు. వయోజనులలో వ్యాప్తి దేశమంతటా 0.20 శాతం కాగా ఆంధ్ర ప్రదేశ్‌లో 0.62, తెలంగాణలో 0.44 శాతం. పై సర్వేకూ ఈ అంచనాలకూ లెక్కింపు పద్ధతి వేరు, రాష్ట్ర విస్తీర్ణం వేరు. అందువల్ల వాటిని నేరుగా పోల్చరాదు. వ్యాప్తి తగ్గినప్పటికీ తెలంగాణ దేశపు సగటుకు రెండింతలకు పైగా ఉన్నదని మాత్రం నిస్సందేహంగా చెప్పవచ్చు.

చికిత్స ఎవరికి ఇవ్వాలనే నియమం కూడా క్రమంగా మారింది. రోగనిరోధక శక్తికి కొలతగా తీసుకొనే సి.డి.4 కణాలు 200 కంటే తగ్గినవారికే మొదట్లో మందులు ఇచ్చేవారు. ఈ హద్దును తర్వాత 350కి, అటుపై 500కి పెంచారు. 2017లో హద్దు తీసివేసి, వ్యాధి నిర్ధారణ అయిన ప్రతివారికీ వెంటనే చికిత్స ఇవ్వాలని నిర్ణయించారు. అంతకుముందు పరీక్ష చేయించుకొని, "ఇప్పుడే మందులు అక్కరలేదు" అనిపించుకొని వెళ్ళిపోయిన వారిలో కొందరు మళ్ళీ రాలేదు. అలాంటివారిని వెదకి తిరిగి చికిత్సకు తేవడానికి అదే సంవత్సరం మిషన్ సంపర్క్ అనే కార్యక్రమం మొదలైంది. రక్తంలో వైరస్ పరిమాణాన్ని కొలిచే వైరల్ లోడ్ పరీక్ష 2018 నుండి చికిత్స పొందుతున్న వారందరికీ ఉచితంగా లభిస్తున్నది.

వలసలు, పరీక్షలు

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలలో మొదటి మెట్టు కష్టం కావడానికి ముఖ్యకారణం వలస. జగిత్యాల, కరీంనగర్, నిర్మల్ ప్రాంతాల నుండి గల్ఫ్ దేశాలకు, సిరిసిల్ల నుండి మరమగ్గాల పనికి భివండీకి, ముంబైకి కార్మికులు వెళ్ళడం దశాబ్దాలుగా సాగుతున్నది. ఆదిలాబాద్ ప్రాంతానికి మహారాష్ట్రలోని నాందేడ్, యవత్మాల్, చంద్రపూర్ జిల్లాలతో సరిహద్దు ఉన్నది. కూలికీ, సంతకూ, పెళ్ళి సంబంధాలకూ జనం అటూ ఇటూ తిరుగుతుంటారు. పెద్ద రహదారి మీది లారీలు, గోదావరిఖని, బెల్లంపల్లి బొగ్గు గనుల ప్రాంతాలకు వచ్చిపోయే శ్రామికులు దీనికి అదనం.

వలస దానంతట అది రోగం కాదు. కుటుంబానికి నెలల తరబడి దూరంగా ఉండడం, ఏ ఊరి ఆసుపత్రికీ శాశ్వతంగా చెందకపోవడం వలసకూలీని పరీక్షకు అందకుండా చేస్తాయి. గల్ఫ్‌కు వెళ్ళేవారికి వీసా కోసం చేసే వైద్య పరీక్షలలో హెచ్.ఐ.వి. పరీక్ష కూడా ఉంటుంది. అక్కడ వ్యాధి బయటపడితే ప్రయాణం ఆగిపోతుంది. అక్కడికి వెళ్ళిన తర్వాత బయటపడితే తిరిగి పంపివేస్తారు. ప్రయాణానికి అప్పు చేసిన మనిషికి ఆ ఫలితం ఉపాధి పోవడంగానే కనిపిస్తుంది. పరీక్ష అంటే భయం అక్కడే మొదలవుతుంది.

ప్రభుత్వ కేంద్రాలలో పద్ధతి వేరు. ఐ.సి.టి.సి. కేంద్రాలలో పరీక్ష ఉచితం. పరీక్షకు ముందూ తర్వాతా సలహాదారు మాట్లాడతారు. వ్యాధి లక్షణాలు లేనివారికి మూడు వేర్వేరు కిట్లతో చేసిన పరీక్షలలోనూ ఒకే ఫలితం వస్తేనే వ్యాధి నిర్ధారిస్తారు. గర్భిణీ స్త్రీలకు, క్షయరోగులకు ఈ పరీక్ష సాధారణంగా జరుగుతుంది. ఇందువల్ల తల్లి నుండి బిడ్డకు వ్యాధి సోకకుండా ఆపడం సాధ్యమైంది. అయితే దీనికి మరొక పార్శ్వం ఉన్నది. భర్తకంటే ముందు భార్యకు పరీక్ష జరగడంవల్ల, వ్యాధిని ఇంటికి తెచ్చినది ఆమెయేనన్న నింద పడుతుంది. ఆరోగ్యంగా కనిపించే పురుషుడు జబ్బుపడేదాకా పరీక్షకు రాడు.

ఆఫ్రికాలోని కొన్ని దేశాలు ఈ విషయంలో భారతదేశంకంటే ముందున్నాయి. బోట్స్వానా, ఎస్వాతిని, రువాండా, టాంజానియా, జింబాబ్వే 95-95-95 లక్ష్యాన్ని సాధించినట్లు ఐక్యరాజ్య సమితి 2023లో ప్రకటించింది. ఎస్వాతినిలో వయోజనులలో సుమారు నాల్గవ వంతు మందికి హెచ్.ఐ.వి. ఉన్నది. అక్కడ ఇంటింటికీ పరీక్ష చేసినా ఫలితం ఉంటుంది. తెలంగాణలో వెయ్యిమంది వయోజనులను పరీక్షిస్తే నలుగురైదుగురు బయటపడతారు. వ్యాధి అరుదైన కొద్దీ మిగిలిన ఒక్కొక్కరిని కనుగొనడం కష్టమవుతుంది. తగ్గుముఖం పట్టిన వ్యాధికి శ్రమ తగ్గించవచ్చుననే భావన ఇందుకే సరియైనది కాదు.

దూరం, గోప్యత

రెండవ మెట్టులో ముఖ్యమైన ఆటంకం దూరం. 2011 జనాభా లెక్కలనాటికి ఆదిలాబాద్ జిల్లా విస్తీర్ణం 16 వేల చదరపు కిలోమీటర్లకు పైగా, జనాభా 27 లక్షలకు పైగా ఉన్నది. జనాభాలో సుమారు 18 శాతం గోండు, కోలాము మొదలైన గిరిజనులు. సిర్పూర్, కాగజ్‌నగర్ ప్రాంతాల నుండి ఆదిలాబాద్ పట్టణం వంద కిలోమీటర్లకు పైగా దూరం. కరీంనగర్ జిల్లా ఆసుపత్రిలోనూ ఆదిలాబాద్ రిమ్స్‌లోనూ ఏ.ఆర్.టి. కేంద్రాలు ఉన్నవి. మందులు రోగికి దగ్గరలో దొరకడానికి చిన్న పట్టణాల ఆసుపత్రులలో లింక్ ఏ.ఆర్.టి. కేంద్రాల పద్ధతిని నాకో ప్రవేశపెట్టింది.

మందులు ఉచితమే గాని ప్రయాణం ఉచితం కాదు. నెలకొకసారి మందులకోసం వెళ్ళే కూలీకి బస్సు చార్జీతోపాటు ఆ రోజు కూలి కూడా పోతుంది. ప్రతి నెలా ఎక్కడికి వెళుతున్నాడో ఇంట్లోనూ పనిచోటా ఏదో ఒకటి చెప్పవలసివస్తుంది. దగ్గరి కేంద్రంలో తెలిసినవారు గుర్తుపడతారని జంకి కావాలని దూరపు కేంద్రానికి వెళ్ళేవారూ ఉంటారు. కనుక కేంద్రాన్ని దగ్గరకు తేవడం ఒక్కటే చాలదు, గోప్యత కూడా కావాలి. 2020లో కోవిడ్ లాక్‌డౌన్ సమయంలో ఒకేసారి కొన్ని నెలలకు సరిపడే మందులు ఇచ్చారు. నిలకడగా ఉన్న రోగుల విషయంలో ఈ పద్ధతి దూరాన్నీ, గోప్యతనూ ఏకకాలంలో పరిష్కరిస్తుంది. 2014లో తెలంగాణ ప్రభుత్వం ప్రారంభించిన ఆసరా పింఛన్లలో ఎయిడ్స్ రోగులను కూడా చేర్చింది. 2019లో ఈ మొత్తాన్ని వెయ్యి నుండి 2,016 రూపాయలకు పెంచారు.

మందుల ధర, సరఫరా

ఒకప్పుడు అతిపెద్ద అడ్డంకి ధర. 2000 ప్రాంతంలో ఒక్క రోగికి ఏడాది మందులు పదివేల డాలర్లకు పైగా ఉండేవి. 2001 ఫిబ్రవరిలో భారతీయ సంస్థ సిప్లా వాటిని ఏడాదికి 350 డాలర్లకు ఇవ్వజూపడంతో పరిస్థితి మారిపోయింది. తర్వాతి కాలంలో హైదరాబాదుకు చెందిన హెటెరో, అరబిందో వంటి సంస్థలు ఆఫ్రికా దేశాలకు ఈ మందులను పెద్దయెత్తున సరఫరా చేశాయి. అయినా సరఫరా ఎప్పుడూ సాఫీగా సాగలేదు. 2022 జులైలో మందుల కొరతపై బాధితులు ఢిల్లీలోని నాకో కార్యాలయం దగ్గర నిరసన తెలిపారు. నిత్యం వేసుకోవలసిన మందు కొన్నాళ్ళు ఆగినా వైరస్ తిరిగి పెరుగుతుంది, మందుకు లొంగని రకం పుట్టే ప్రమాదమూ ఉన్నది.

2025 జనవరిలో అమెరికా ప్రభుత్వం విదేశీ సహాయాన్ని నిలిపివేయడంతో ఆ సహాయంపై ఆధారపడిన అనేక ఆఫ్రికా దేశాలలో పరీక్షలు, నివారణ కార్యక్రమాలు దెబ్బతిన్నాయి. భారతదేశంలో 2021-26 కాలపు ఐదవ దశ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమానికి కేటాయించిన సుమారు 15,472 కోట్ల రూపాయలు పూర్తిగా కేంద్ర ప్రభుత్వ నిధులు.

చట్టం, వివక్ష

2017లో పార్లమెంటు ఆమోదించిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోకి వచ్చింది. దీని ప్రకారం వ్యక్తి అనుమతి లేకుండా పరీక్ష చేయరాదు, ఫలితాన్ని బయటపెట్టరాదు. ఉద్యోగం, విద్య, వైద్యం, ఇల్లు అద్దెకివ్వడం మొదలైనవాటిలో వివక్ష చూపడం నిషిద్ధం. చట్టం దేశంలోపల మాత్రమే వర్తిస్తుంది కనుక గల్ఫ్ దేశాల వీసా నియమాలను అది మార్చలేదు.

చికిత్స ఫలితాన్ని ప్రజలకు తెలియజేయడం వివక్షను తగ్గించే మార్గాలలో ఒకటి. క్రమం తప్పక మందులు వాడి, వైరస్ గుర్తించలేనంత తక్కువ స్థాయిలో ఉన్న వ్యక్తి నుండి లైంగిక సంబంధం ద్వారా వ్యాధి ఇతరులకు సోకదని పరిశోధనలు నిరూపించాయి. కాబట్టి చికిత్స రోగి ప్రాణాన్ని కాపాడడమే గాక నివారణ కూడా అవుతుంది.

2030 గమ్యం

ఎయిడ్స్‌ను ప్రజారోగ్య సమస్యగా 2030 నాటికి అంతం చేయాలన్నది ఐక్యరాజ్య సమితి సుస్థిర అభివృద్ధి లక్ష్యాలలో భాగం. 2023 అంచనాలను బట్టి దేశంలో తమకు వ్యాధి ఉన్నదని తెలియనివారు దాదాపు 4 లక్షల 80 వేల మంది ఉంటారు. వీరికి ఆసుపత్రిలోని మందు ఉచితమైనా ప్రయోజనం లేదు. ఉత్తర తెలంగాణలో ఇటువంటివారిని చేరడానికి గల్ఫ్ నుండి, భివండీ నుండి తిరిగివచ్చినవారికి గోప్యంగా పరీక్షలు జరగాలి, గర్భిణితోపాటు భర్తకూ పరీక్ష జరగాలి, ఏజెన్సీ గ్రామాలకు సంచార పరీక్షా కేంద్రాలు వెళ్ళాలి, నిలకడగా ఉన్న రోగులకు కొన్ని నెలల మందులు ఒకేసారి ఇవ్వాలి. వీటిలో ఏదీ కొత్త మందును గాని కొత్త యంత్రాన్ని గాని కోరేది కాదు.